తరవాణి కుండ, క్రెబ్స్ సైకిల్: ప్లస్ త్రీలో మెటబాలిజం ఎందుకు తలకెక్కదు

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం, వీటిలో ఏ ఊరికైనా పరీక్షల ముందు వెళ్ళి, ప్లస్ త్రీలో, అంటే డిగ్రీలో, జువాలజీయో బాటనీయో ఆనర్స్ చదివే పిల్లల గదిలోకి తొంగి చూస్తే గోడకి ఒక చార్టు కనిపిస్తుంది. గ్లూకోజ్ నుంచి పైరువేట్ దాకా పది మెట్ల గ్లైకాలసిస్, దాని కింద గుండ్రంగా, ఆ తర్వాతి విరగ్గొట్టుడు చూపే క్రెబ్స్ సైకిల్, పక్కన ఎర్ర పెన్నుతో ఎంజైమ్ పేర్లు. చూడకుండా ఆ చార్టు మొత్తం వేసేయగలిగినవాళ్ళు చాలామందే ఉంటారు. అదే పిల్లల్ని పట్టుకుని, రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే తెల్లారేసరికి ఎందుకు పులుస్తుంది అని అడిగితే లాక్టిక్ ఆమ్లం వస్తుంది కాబట్టి అంటారు. సరే, ఆ ఆమ్లం తయారుచేయడం వల్ల లోపలున్న బాక్టీరియాకి ఏం ఒరిగింది అని అడిగితే మాత్రం నోరు పెగలదు. పది మెట్లూ వచ్చిన మనిషికి ఈ ఒక్క ప్రశ్నకి జవాబు రాకపోవడంలోనే ఈ సబ్జెక్టు చెప్పే తీరులో ఉన్న లోపమంతా ఉంది.

దీనికి అందరూ చెప్పే కారణం బట్టీ. అది సగమే నిజం. బట్టీ పట్టకుండా మెటబాలిజం (ఒంట్లో సరుకు కట్టే, విరగ్గొట్టే చర్యలన్నీ) ఎవరికీ రాలేదు, రాదు కూడా. పట్టే వస్తువు తప్పు, అసలు గొడవ అక్కడ. పరీక్షలో గ్లైకాలసిస్ వివరించండి అని పెద్ద ప్రశ్న వస్తుంది, బొమ్మ వేస్తే మార్కులు పడతాయి, అందుకని బొమ్మే బట్టీ పడతారు. బొమ్మలో ప్రతి మెట్టూ ఒకే సైజులో ఉంటుంది, ప్రతి బాణమూ ఒకేలా ఉంటుంది. కణంలో అలా ఉండదు. పది మెట్లలో మూడు మెట్ల చేతుల్లోనే అధికారం ఉంటుంది, ఒక మెట్టు దగ్గర అప్పు పుడుతుంది, మిగతావి ఆ పక్క నుంచి ఈ పక్కకి సరుకు అందించేవి.

భాష గొడవ ఇంకోటి. ఈ జిల్లాల్లో తెలుగు ఇళ్ళ పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ప్లస్ త్రీకి వచ్చేసరికి పుస్తకాలు ఇంగ్లీషు. బడిలో ఆలోకశ్లేషణ అని నేర్చుకున్నది తెలుగులో కిరణజన్య సంయోగక్రియ అని తెలియకుండానే ఫొటోసింథసిస్‌కి వచ్చేస్తారు. దీన్ని బరువనే అందరూ అంటారు గానీ, ఒక చోట ఇదే అక్కరకొస్తుంది. మెటబాలిజంకి ఒడియా పుస్తకాల్లో వాడే మాట చయాపచయ. చయం అంటే పోగు చేయడం, అపచయం అంటే తరిగిపోవడం. మొత్తం సబ్జెక్టు ఆ ఒక్క మాటలో ఉంది: ఒక పక్క కట్టడం, ఇంకో పక్క విరగ్గొట్టడం, రెండూ ఒకేసారి. తెలుగు పుస్తకాల్లో ఉన్న జీవక్రియ అన్న మాటకి ఆ పదును లేదు.

ఇక తరవాణి దగ్గరికి వద్దాం. ఒడియావాళ్ళ పఖాళ, మన చద్దన్నం. అందులోని పులిసిన నీళ్ళని వాళ్ళు తొరాణి అనేది, మనం తరవాణి అనేది, పేరు కూడా దాదాపు ఒకటే. అన్నం నుంచి దొరికిన చక్కెరని లాక్టిక్ బాక్టీరియా గ్లైకాలసిస్‌తో విరగ్గొడుతుంది. ఒక గ్లూకోజ్‌కి ఖర్చులు పోను రెండు ఏటీపీలు, అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి నోట్లు, మిగులుతాయి. లాభం వచ్చింది కదా, పైరువేట్ దగ్గర ఆగిపోవచ్చు కదా? ఆగలేదు, ఎందుకంటే ఆరో మెట్టు దగ్గర, గ్లిసరాల్డిహైడ్ 3-ఫాస్ఫేట్ నుంచి ఎలక్ట్రాన్లు లాగేటప్పుడు, వాటిని పట్టుకోవడానికి ఎన్‌ఏడీ ప్లస్ కావాలి. పట్టుకున్నాక అది ఎన్‌ఏడీహెచ్ అవుతుంది. కణంలో ఎన్‌ఏడీ ప్లస్ ఉండేదే కొంచెం. రైస్ మిల్లులో గోనె సంచుల సంగతి గుర్తు తెచ్చుకోండి: బియ్యం ఎంత ఆడినా, నింపి పంపిన సంచులు ఎక్కడో ఖాళీ అయి వెనక్కి రాకపోతే మిల్లు ఆపేసుకోవాల్సిందే, వడ్లు గుట్టగా ఉన్నా సరే. బాక్టీరియాకి ఎన్‌ఏడీ ప్లస్ ఖాళీ సంచి, ఎన్‌ఏడీహెచ్ నిండు సంచి. ఆ నిండు సంచిని పైరువేట్ మీద గుమ్మరిస్తే పైరువేట్ కాస్తా లాక్టేట్ అవుతుంది, సంచి ఖాళీ అయి ఆరో మెట్టు దగ్గరికి తిరిగొస్తుంది. ఆ గుమ్మరించిన సరుకునే మనం ఉల్లిపాయా పచ్చిమిరపకాయా నంజుకుని తాగుతున్నాం. లాక్టిక్ ఆమ్లం తయారైన మెట్టులో ఒక్క ఏటీపీ కూడా రాదు, చాలామంది పొరబడేది అక్కడే.

ఇప్పపూల కుండలోనూ ఇదే లెక్క, మనిషి మారాడంతే. అక్కడ ఈస్ట్ పని చేస్తుంది. పైరువేట్ నుంచి ముందు ఒక కార్బన్ డయాక్సైడ్ ఊడిపోతుంది, కుండలో బుడబుడమని పైకొచ్చే నురగ అదే, మిగిలిన అసిటాల్డిహైడ్ మీద నిండు సంచి గుమ్మరిస్తే ఆల్కహాల్. పరిగెత్తే మనిషి కండలోనూ ఆక్సిజన్ చాలనప్పుడు లాక్టేట్ వస్తుంది, కారణం మళ్ళీ సంచే. (మర్నాటి ఒళ్ళునొప్పులకి ఆ లాక్టేట్ కారణం అని ఇప్పటికీ నోట్సుల్లో రాయిస్తున్నారు. అది గంటా రెండు గంటల్లో రక్తంలోంచి వెళ్ళిపోతుంది, మర్నాటి దాకా కూర్చోదు.) ఈ మూడూ మూడు వేరే టాపిక్‌లుగా, మూడు వేరే బొమ్మలుగా నేర్చుకునే పిల్లకీ, సంచి ఎక్కడ ఖాళీ అవుతోంది అని ఒక్క ప్రశ్న వేసుకునే పిల్లకీ పరీక్ష ముందు రాత్రి టెన్షన్‌లో చాలా తేడా ఉంటుంది.

మరి బట్టీ పట్టాల్సినవి ఏవి? గ్లైకాలసిస్‌లో వెనక్కి తిరగని మెట్లు మూడు: హెక్సోకైనేజ్, ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్, పైరువేట్ కైనేజ్. వీటిని నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. ఎందుకంటే కాలేయం పైరువేట్ నుంచి మళ్ళీ గ్లూకోజ్ కట్టేటప్పుడు మిగతా ఏడు మెట్లనీ అవే ఎంజైమ్‌లతో వెనక్కి ఎక్కేస్తుంది, ఈ మూడింటి దగ్గర మాత్రం పక్కదారి పడుతుంది. అంటే మూడు మెట్లు సరిగ్గా వస్తే గ్లూకోనియోజెనెసిస్ అనే ఇంకో పెద్ద బొమ్మలో ముప్పావు వంతు ఉచితంగా వచ్చినట్టే. ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలి. ఏటీపీ దానికి సరుకూ, అదే బ్రేకూ. ఏటీపీ ఎక్కువైతే ఆగుతుంది, ఏఎంపీ పెరిగితే కదులుతుంది, సిట్రేట్ పేరుకుంటే మళ్ళీ ఆగుతుంది. కణం దగ్గర డబ్బుందా లేదా అని గల్లాపెట్టె చూసి నిర్ణయం తీసుకునే గుమాస్తా అది.

ఆ పక్కనే, చక్కెరని రెండు ముక్కలు చేసే ఆల్డొలేజ్ మెట్టు ఉంది, దాన్ని పిల్లలు దాటేస్తారు గానీ థర్మోడైనమిక్స్ అర్థం కావడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఆ చర్యకి ప్రామాణిక డెల్టా జీ, అంటే చర్య దానంతట అది ముందుకు సాగుతుందా లేదా చెప్పే శక్తి లెక్క, మోల్‌కి సుమారు ప్లస్ 23.8 కిలోజౌళ్ళు. ప్లస్ అంటే జరగకూడదు. అయినా కణంలో రోజంతా ముందుకే జరుగుతోంది. రాయగడ బస్టాండులో కిక్కిరిసిన బస్సు ముందు తలుపు దగ్గర జనం దిగుతూ ఉంటే వెనకవాళ్ళు ఎంత ఇరుకులోనైనా ముందుకు జరుగుతారు కదా, అలా తయారైన సరుకుని తర్వాతి ఎంజైమ్‌లు ఎప్పటికప్పుడు లాగేస్తుంటాయి. పుస్తకంలో ఉన్న అంకె అన్నీ ఒక మోలార్ గాఢతలో ఉంచి చూసింది, ఏ కణంలోనూ అంత గాఢత ఉండదు. ఈ ఒక్క తేడా తెలియకే కెమిస్ట్రీ ఆనర్స్ పిల్లలు కూడా బయోకెమిస్ట్రీ పేపర్లో తప్పు రాస్తారు.

పైరువేట్ మైటోకాండ్రియాలోకి వెళ్ళాక అసిటైల్ కోఎంజైమ్ ఏ అవుతుంది. ఈ మెట్టుకి పేపర్లలో రెండు మార్కులకి మించి విలువ ఇవ్వరు గానీ, ఈ ప్రాంతం చరిత్ర తెలిసినవాళ్ళు దీన్ని రెండు మార్కులతో వదలరు. గంజాం ఒకప్పుడు ఉత్తర సర్కారుల్లో భాగం. మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి (విటమిన్ బీ1 లోపంతో వచ్చే జబ్బు) పేరు చెబితే ముందు తలచుకునేది ఉత్తర సర్కారులనే, 19వ శతాబ్దంలోనే అక్కడి డాక్టర్లు దాని గురించి రాశారు. పైరువేట్ డీహైడ్రోజనేజ్‌కి విటమిన్ బీ1 నుంచి వచ్చే టీపీపీ అనే సహాయక అణువు లేకపోతే చేయి ఆడదు. పచ్చి బియ్యాన్ని మిల్లులో తెల్లగా పాలిష్ పడితే పై పొరతో పాటు బీ1 తవుడులోకి పోతుంది. ఉప్పుడు బియ్యంలో, అంటే ఒడియావాళ్ళ ఉసునా చావుళ్ళలో, వడ్లని ముందే ఉడికించేటప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, తర్వాత దంచినా ఆడినా కొంత మిగులుతుంది. ఉప్పుడు బియ్యం తినేచోట బెరిబెరి తక్కువగా ఉండటానికి కారణం ఇదే. బీ1 అందకపోతే పైరువేట్ లోపలికి పోలేక బయట పోగుపడుతుంది, నరాలూ గుండె ముందు దెబ్బతింటాయి. ఇదే టీపీపీ క్రెబ్స్ సైకిల్లో ఆల్ఫా కీటోగ్లూటరేట్ డీహైడ్రోజనేజ్‌కీ కావాలి, ఆ రెండు ఎంజైమ్‌ల పనితీరు ఒకటే, ఐదు కోఫ్యాక్టర్లూ (సహాయక అణువులు) అవే. ఒకటి నేర్చుకుంటే రెండోది వచ్చేసినట్టే, విడివిడిగా బట్టీ పట్టడం శుద్ధ దండగ.

క్రెబ్స్ సైకిల్ గురించి అందరూ చెప్పే సంగతి, 1937లో హన్స్ క్రెబ్స్ దాన్ని రాసి పంపితే నేచర్ పత్రిక వెనక్కి పంపిందని, 1953లో అదే పనికి నోబెల్ వచ్చిందని. కథ బాగుంది, కానీ చదువుకి పనికొచ్చే సంగతి అది కాదు. అది సైకిలే అని వాళ్ళకి ఎలా తెలిసింది? సరళ రేఖ ఎందుకు కాకూడదు? షెఫీల్డ్‌లో పావురం రొమ్ము కండని నూరి ప్రయోగం చేశారు. మాలోనేట్ అనే విషం వేస్తే సక్సినేట్ దగ్గర దారి మూసుకుపోతుంది, సక్సినేట్ పోగుపడుతుంది. ఇప్పుడు అందులో ఆక్సాలోఅసిటేట్ వేశారు. బొమ్మలో చూస్తే అది మూసిన తలుపుకి అవతల పక్క ఉంటుంది, తిన్నగా వెనక్కి రావడానికి దారి లేదు. అయినా సక్సినేట్ ఇంకా పోగుపడింది. గుడి ప్రదక్షిణ దారిలో ఒక చోట తాడు కట్టేశారనుకోండి. తాడుకి అవతల నిలబడ్డ మనిషి కాసేపటికి ఇవతల కనిపిస్తే వాడు గుడి చుట్టూ తిరిగొచ్చినట్టే కదా. ఈ ప్రయోగాన్ని పది లైన్లలో చెబితే ఎనిమిది ఎంజైమ్‌ల వరస దానంతట అదే మనసులో నిలబడుతుంది. చాలా నోట్సుల్లో ఇది ఉండదు.

సైకిల్లో ఇంకొకటి లెక్కపెట్టాలి, కార్బన్లు. అసిటైల్ రూపంలో రెండు కార్బన్లు లోపలికొస్తాయి, రెండు కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతాయి. మిగులు సున్నా. అందుకే మనిషి ఒంట్లో మామూలు కొవ్వు ఆమ్లాలు గ్లూకోజ్‌గా మారలేవు, కొవ్వులోని గ్లిసరాల్ ముక్క మాత్రం మారగలదు. ఆముదం గింజ మాత్రం మొలకెత్తేటప్పుడు నూనెని చక్కెరగా మార్చేస్తుంది, ఎందుకంటే దానికి గ్లైఆక్సలేట్ సైకిల్ అనే అడ్డదారి ఉంది, ఆ రెండు కార్బన్లు పోయే మెట్లని అది తప్పించుకుంటుంది.

ఎలక్ట్రాన్ ట్రాన్స్‌పోర్ట్ దగ్గర, అంటే నిండు సంచుల్లోని ఎలక్ట్రాన్లతో ఏటీపీ కట్టే చోట, ఒక పెద్ద తలనొప్పి: ఒక గ్లూకోజ్‌కి మొత్తం 38 ఏటీపీలా, 36ఆ, 32ఆ, 30ఆ? ప్లస్ టూ పుస్తకంలో ఒక అంకె, ఆనర్స్ పుస్తకంలో ఇంకో అంకె, సీనియర్ల నోట్సులో మూడోది. పాత లెక్కలో ఎన్‌ఏడీహెచ్‌కి 3, ఎఫ్‌ఏడీహెచ్2 అనే ఇంకో నిండు సంచికి 2. కొత్త లెక్కలో 2.5, 1.5. అర ఏటీపీ ఏమిటని నవ్వుకుంటారు గానీ అది ప్రోటాన్ల సగటు. ఒక ఎన్‌ఏడీహెచ్ పొర అవతలికి 10 ప్రోటాన్లు తోస్తుంది, ఒక ఏటీపీ తయారై బయటికి రావడానికి సుమారు 4 ఖర్చవుతాయి, పదిని నాలుగుతో భాగిస్తే రెండున్నర. ఎఫ్‌ఏడీహెచ్2కి 6 ప్రోటాన్లు, ఒకటిన్నర. సైటోసాల్ (మైటోకాండ్రియా బయట ఉండే కణద్రవం) నుంచి ఎన్‌ఏడీహెచ్ ఎలక్ట్రాన్లు ఏ షటిల్ (పొర దాటించే బండి) ఎక్కి లోపలికొచ్చాయి అన్నదాన్ని బట్టి మొత్తం 30 గానీ 32 గానీ అవుతుంది. ప్రోటాన్లు అడ్డుకట్ట వెనక నీళ్ళలా నిలబడి ఏటీపీ కట్టిస్తాయని 1961లో పీటర్ మిచెల్ చెప్పినప్పుడు చాలా ఏళ్ళు ఎవరూ నమ్మలేదు, 1978లో నోబెల్ ఇచ్చారు. పరీక్షలో ఏ అంకె రాసినా పక్కన ఏ లెక్క ప్రకారమో ఒక ముక్క రాస్తే మార్కు పోయే అవకాశం తగ్గుతుంది.

ఇక ఈ జిల్లాల పిల్లలు అందరికన్నా బాగా చదవాల్సింది, సిలబస్‌లో మూలన పడి ఉండేది, పెంటోస్ ఫాస్ఫేట్ దారి. హెచ్‌ఎంపీ షంట్ అని కూడా రాస్తారు. కోరాపుట్, రాయగడ, మల్కనగిరి అంటే మలేరియా. వైవాక్స్ రకం మలేరియా పరాన్నజీవి కాలేయంలో నిద్రపోయి మళ్ళీ లేస్తుంది కాబట్టి దాన్ని పూర్తిగా తీసేయడానికి ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు వేస్తారు. వేసేటప్పుడు మూత్రం నల్లగా వస్తే మాత్ర ఆపేసి వెంటనే ఆస్పత్రికి రమ్మంటారు. ఎందుకు? ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియా ఉండదు. దానికి బతుకంతా గ్లైకాలసిస్సే, గ్లూకోజ్‌కి రెండు ఏటీపీలే. ఆక్సిజన్ మోసే కణం కాబట్టి తుప్పు పట్టే ప్రమాదం కూడా దానికే ఎక్కువ. ఆ తుప్పుని ఎప్పటికప్పుడు కడగడానికి గ్లూటాథయోన్ కావాలి, గ్లూటాథయోన్‌ని మళ్ళీ పనికొచ్చేలా చేయడానికి ఎన్‌ఏడీపీహెచ్ కావాలి, ఎర్రకణానికి ఎన్‌ఏడీపీహెచ్ వచ్చేది ఈ షంట్ ఒక్కదాని నుంచే, షంట్ మొదటి మెట్టు జీ6పీడీ అనే ఎంజైమ్‌ది. ఆ ఎంజైమ్ పుట్టుకతో బలహీనంగా ఉన్న మనిషి మామూలు రోజుల్లో శుభ్రంగా ఉంటాడు. ప్రైమాక్విన్ పడ్డాక ఒత్తిడి పెరుగుతుంది, కడగడానికి సరుకు చాలదు, హిమోగ్లోబిన్ చెడి గడ్డలు కడుతుంది, కణాలు పగిలిపోతాయి, ఆ రంగే మూత్రంలోకి వస్తుంది. ప్రైమాక్విన్ పడని మనుషుల్లో లోపం ఈ ఎంజైమ్‌దే అని 1956లో తేలింది. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మగపిల్లల్లో ఎక్కువ బయటపడుతుంది. ఈ ఎంజైమ్ తక్కువ ఉన్న కణంలో మలేరియా జీవికి కూడా బతకడం కష్టమే, అందుకే మలేరియా ఉన్న ప్రాంతాల్లోనే ఈ లోపం నిలబడిపోయింది. ఒక ఆశా కార్యకర్త ఇంటి గడప దగ్గర చెప్పే ఒక్క మాట వెనక సిలబస్‌లో సగం యూనిట్ ఉంది.

సికిల్ సెల్, అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుక జబ్బు, కూడా ఇక్కడ కొత్త మాట కాదు. 2023 జూలై 1న దేశవ్యాప్తంగా సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైనప్పటి నుంచి కార్డులూ పరీక్షలూ ఊళ్ళలోకి ఇంకా ఎక్కువగా వస్తున్నాయి. దాన్ని జెనెటిక్స్‌లో చదివి వదిలేస్తారు, నిజానికి గ్లైకాలసిస్‌కీ దానికీ చుట్టరికం ఉంది. ఎర్రకణంలో గ్లైకాలసిస్ మధ్యలో ఒక పక్కదారి తెరుచుకుని 2,3-బీపీజీ తయారవుతుంది, ఆ దారిన పోయిన సరుకుకి ఒక ఏటీపీ నష్టం. నష్టం ఎందుకు భరిస్తుందంటే, 2,3-బీపీజీ హిమోగ్లోబిన్ పట్టు సడలించి ఆక్సిజన్‌ని కండలకి వదిలేలా చేస్తుంది. మామూలు మనిషికి అది మేలు. సికిల్ ఉన్నవాళ్ళకి కాదు, ఎందుకంటే ఆక్సిజన్ వదిలేసిన సికిల్ హిమోగ్లోబినే పోగుపడి దారాలు కడుతుంది.

చివరగా ల్యాబ్. ఫాస్ఫేట్ కొలిచే ప్రాక్టికల్‌కి రికార్డులో ఫిస్కే-సుబ్బరో పద్ధతి అని రాస్తారు. అమ్మోనియం మాలిబ్డేట్ వేయాలి, దాన్ని క్షయకరణం చేసే ఇంకో రసాయనం వేయాలి, నీలం రంగు వస్తుంది, కలరీమీటర్లో రీడింగ్ తీయాలి. ఆ సుబ్బరో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అని తెలియని తెలుగు పిల్లలు బరంపురంలోనే కాదు, గోదావరి జిల్లాల్లో కూడా ఉన్నారు. 1925లో ఆ పద్ధతి అచ్చయింది. దాన్నే కండ రసం మీద వాడి చూస్తే రంగు రావలసినంత త్వరగా రాలేదు, నెమ్మదిగా తేలింది. కొలత చెడిందని పారబోయకుండా ఫిస్కే, సుబ్బారావు ఆ ఆలస్యం వెంట పడితే, అందులో యాసిడ్‌కి ఇట్టే విరిగిపోయే ఫాస్ఫేట్ ఒకటి దాక్కుని ఉందని, విరిగేకొద్దీ రంగు పెరుగుతోందని తెలిసింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. రెండేళ్ళ తర్వాత ఏటీపీ కూడా కండలోంచే బయటపడింది, జర్మనీలో లోమన్ ఒక పక్క, వీళ్ళిద్దరూ ఇంకో పక్క. మన ఒంట్లో ఒక్క సమయంలో ఉండే ఏటీపీ సుమారు 100 గ్రాములు, ఊరికే కూర్చున్న మనిషి కూడా రోజుకి 40 కిలోల దాకా వాడతాడు, అంటే చాటికోన బుధవారం సంతలో అవే పది నోట్లు సాయంత్రం దాకా చేతులు మారినట్టు, ప్రతి ఏటీపీ రోజుకి కొన్ని వందలసార్లు విరిగి మళ్ళీ అతుక్కుంటుంది. ల్యాబ్‌లో రంగు ఆలస్యమైతే పక్కవాడి రీడింగ్ చూసి రికార్డులో దిద్దుకోవడం ఇప్పటి పద్ధతి. వైవాలో ఎక్స్‌టర్నల్ వచ్చి ఈ రంగు ఎందుకు ఆలస్యమైంది అని అడిగితే ఆ రికార్డులో జవాబు దొరకదు.